తప్పితే ఎంత పోతుంది?

కుప్పం దగ్గరి రామకుప్పంలో చిల్లరంగడి నడిపేవాళ్ల లాభనష్టాలు చాలావరకు రామకుప్పం బయటే తేలిపోతాయి. మదనపల్లె మండీలో టమోటా ఏ ధర పలికింది, పట్టుగూళ్లు ఎంతకు పోయాయి, డెయిరీ నుంచి పాలబిల్లు ఏ తేదీన పడుతుంది, కుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి పోయేవాళ్లకు జీతం అందిందా లేదా అన్నవాటి మీదే ఊళ్లో దుడ్లు ఆడడం ఆధారపడి ఉంది. వీటిలో ఒక్కటి కూడా అంగడివాళ్ల చేతిలో లేదు. 2023 జులై చివర మదనపల్లెలో మేలురకం టమోటా కిలో రెండు వందల రూపాయల దరిదాపులకు పోయింది. రెండు నెలలు తిరక్కముందే ఇరవై లోపుకు దిగింది. అంతకుముందు ధర లేక విసిగినవాళ్లూ, ఎండకూ తెగుళ్లకూ భయపడినవాళ్లూ నాటడం తగ్గించారు కాబట్టి సరుకు కరువై ధర ఎక్కింది. ఎక్కిన ధర చూసి అందరూ ఒక్కసారే నారు పోశారు, ఆ తోటలన్నీ ఒక్కసారే కోతకొచ్చాయి, ధర కూలింది. ధర ఉన్న నెలలో పాత బాకీలు వాటంతటవే తీరతాయి. లేని నెలలో కోత కూలి కూడా గిట్టదు, అంగడిలో పద్దు పుస్తకం పేజీలు నిండుతాయి. కౌండిన్య అభయారణ్యం అంచు పల్లెల్లో అయితే ఏనుగులు ఒక్క రాత్రి పొలంలో దిగితే చాలు, ఒక కుటుంబం బాకీ ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఇలాంటి చోట వ్యాపారం చేసేవాళ్లకు ‘ఎప్పుడూ సానుకూలంగా ఆలోచించండి’ అని చెప్పి వదిలేస్తే వాళ్లకు ఏమీ చెప్పనట్టే.

అలాగని ఆశ అనవసరం అనడం ఈ అధ్యాయం ఉద్దేశం కాదు. పొద్దున్నే తలుపు తీసేది ఆశే. నా వాదన ఒక్కటే. చిన్న వ్యాపారిలో ఆశ ఎంత ఉంది అన్నదానికంటే, ఆ ఆశను ఏ నిర్ణయంలో వాడుతున్నారు అన్నది ముఖ్యం. కొన్ని నిర్ణయాలకు ధారాళంగా ఆశ పెట్టుకోవచ్చు. కొన్నింటికి ఒక్క చెంచాడు ఆశ కూడా ఎక్కువే. రెండింటినీ విడదీయడానికి ఒక ప్రశ్న సరిపోతుంది: నా అంచనా తప్పితే ఎంత పోతుంది? పోయేది కొంచెమైతే ధైర్యంగా దిగాలి. పోయేది అసలుకే ఎసరు పెట్టేదైతే, మనసు ఎంత ఉత్సాహంగా ఉన్నా అనుమానం చెప్పిన మాటే వినాలి. వ్యాపారంలో సానుకూల వైఖరి అంటే ఈ విచక్షణే అని నా నమ్మకం. అది పుట్టుకతో వచ్చే స్వభావం కాదు, అలవాటు చేసుకోదగ్గది.

ఈ మాటకు ఆధారాలున్నాయి. 1988లో అమెరికాలో కూపర్, వూ, డంకెల్‌బర్గ్ అనే పరిశోధకులు దాదాపు మూడు వేలమంది కొత్త వ్యాపారుల్ని, మీ వ్యాపారం నెగ్గే అవకాశం పదికి ఎంత అని అడిగారు. నూటికి 81 మంది ఏడు, లేదా అంతకంటే ఎక్కువ అన్నారు. 33 మంది ఏకంగా పదికి పది అన్నారు. మీలాంటి వ్యాపారమే పెట్టిన ఇంకొకరి సంగతి ఏమిటని అడిగితే మాత్రం అంత భరోసా ఇవ్వలేకపోయారు. అంటే వ్యాపారం పెట్టేవాళ్లకు ఆశ కొరత లేదు. ఉన్నదల్లా మోతాదు మించిన ఆశే. 2009లో హ్మీలెస్కీ, బారన్ అనే ఇద్దరు ఇంకో అడుగు వేసి, సంస్థ నడిపేవారి ఆశావాదం పెరిగేకొద్దీ ఆ సంస్థ ఆదాయం, ఉద్యోగాల పెరుగుదల ఎలా ఉన్నాయో చూశారు. ఆశావాదం ఎక్కువైనచోట పెరుగుదల తగ్గింది. మరి ఆశావాదమే విజయానికి మూలమని చెప్పే పుస్తకాలన్నీ తప్పా? అదీ కాదు. ఆ పుస్తకాలకు మూలపురుషుల్లో ఒకరైన మార్టిన్ సెలిగ్‌మన్ మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ ఏజెంట్లను పరిశీలించి, ఆశావాదులే ఎక్కువ పాలసీలు అమ్మారని తేల్చాడు. అది నిజమే. కానీ బీమా ఏజెంటుకు ఒక ఇంటివాళ్లు కాదంటే పోయేది అరగంట. ఇంకో గడప తొక్కితే సరి. ఆ పనిలో ఆశ ఎంత ఉంటే అంత మేలు. ఇదే సెలిగ్‌మన్ తన పుస్తకంలో ఒక హెచ్చరిక కూడా చేశాడు, దాన్ని ఎత్తి చెప్పేవాళ్లు తక్కువ. ఓటమికి చెల్లించాల్సిన మూల్యం పెద్దదైనప్పుడు ఆశావాదం పనికిరాదు అన్నాడు. విమానం రెక్కల మీద పేరుకున్న మంచును ఇంకొకసారి తీయించాలా వద్దా అని ఆలోచించే పైలట్ ‘ఏం కాదులే’ అనుకోకూడదు. చిన్న వ్యాపారి ఒకే రోజులో బీమా ఏజెంటు పనీ చేస్తాడు, పైలట్ పనీ చేస్తాడు. పొద్దున కొత్త రకం సరుకు తెచ్చి పెట్టడం మొదటిది. సాయంత్రం ఇంకో అప్పు పత్రం మీద సంతకం పెట్టడం రెండోది. రెండింటికీ ఒకే మనసుతో కూర్చోవడం దగ్గరే చిక్కంతా ఉంది.

ముందు ఆశ చేయగలిగిన మేలు చూద్దాం. ఆఫ్రికాలో టోగో దేశ రాజధాని లోమేలో 1,500 చిన్న వ్యాపారాల మీద జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2017లో సైన్స్ పత్రికలో వచ్చాయి. కుట్టుపని, చిల్లర వ్యాపారం, తిండి పదార్థాల అమ్మకం లాంటి పనులు చేసుకునేవాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఖాతాలు, మార్కెటింగ్ వంటి మామూలు వ్యాపార పాఠాలు చెప్పారు. ఇంకో గుంపుకు చొరవ నేర్పారు. అంటే ఎవరో చెప్పేదాకా ఆగకుండా మొదలుపెట్టడం, రేపు వచ్చే అవసరాన్ని ఈరోజే ఊహించడం, అడ్డు వస్తే వేరే దారి వెతకడం. మూడో గుంపుకు ఏ శిక్షణా లేదు. రెండున్నరేళ్లపాటు వెంబడించి చూస్తే, చొరవ నేర్చినవాళ్ల లాభం శిక్షణ లేనివాళ్లకంటే 30 శాతం పెరిగింది. మామూలు పాఠాలు విన్నవాళ్లలో కనిపించిన 11 శాతం తేడా గణాంకాల దృష్టిలో లెక్కలోకి రానిది. ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. అక్కడ ఎవరికీ ‘నేను గెలుస్తాను’ అని అద్దంలో చెప్పుకోవడం నేర్పలేదు. నేర్పింది చేసే పనిని. సానుకూల వైఖరి చేతిలోకి దిగినప్పుడే దుడ్లుగా మారుతుందని ఈ ప్రయోగం చెబుతోంది.

రామకుప్పం అంగడికి దీన్ని అన్వయిస్తే ఎలా ఉంటుంది? పాడి ఉన్న ఇళ్లకు డెయిరీ బిల్లు పది పదిహేను రోజులకొకసారి వస్తుంది. ఆ తేదీకి ముందురోజు దాణా, తవుడు, నూనె ప్యాకెట్లు నిండుగా ఉంచి, తర్వాతి వారంలో ఆ దుడ్లను వేరే సరుకులోకి తిప్పడం చొరవ. పట్టుపురుగుల మేపు మొదలైన ఇంట్లో నెలలోపే గూళ్లు అవుతాయి. మేపు చివరి వారంలో ఇల్లంతా రాత్రీపగలూ ఆకు వేయడంలో మునిగి ఉంటుంది, వంటకు కూడా తీరిక ఉండదు. ఆ వారం ఆ వీధికి ఇంటికే సరుకు పంపుతామని చెప్పడానికి ఖర్చయ్యేది ఒక కుర్రాడి సైకిలు, ఒక గంట. బెంగళూరు నుంచి రాత్రి బండికి దిగి ఊరు చేరేవాళ్ల కోసం అంగడి ఇంకో గంట తెరిచి ఉంచి ఒక నెల చూడటానికి పోయేది కాస్త కరెంటు. ఇలాంటివాటిలో పదికి ఏడు ఫలించకపోయినా నష్టం వందల్లోనే ఉంటుంది. ఫలించిన మూడింటితో ఏడాది గడిచిపోతుంది. ఇక్కడ వెనకాడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఎందుకంటే వాళ్లు భయపడాల్సినచోట ధైర్యంగా, ధైర్యం చూపాల్సినచోట భయంగా ఉంటున్నారు. కొత్త బిస్కెట్టు రకం తేవడానికి వారం ఆలోచించే మనిషి, మూడు నెలల అరువు ఇవ్వడానికి ఒక్క నిమిషం కూడా ఆలోచించడు.

ఇప్పుడు ఆశ చేసే కీడు. అరువుతోనే మొదలుపెడదాం. ఒక అంగడిలో రోజుకు ఆరు వేల అమ్మకం, నూటికి పది రూపాయల లాభం అనుకుందాం. మూడు వేల బాకీ ఒకటి మునిగింది. అందులో మన లాభం వాటా 300 పక్కన పెట్టినా, కొన్నధర 2,700 చేతి నుంచి పోయినట్టే. దాన్ని పూడ్చాలంటే 27,000 సరుకు అమ్మాలి. అంటే నాలుగున్నర రోజులు అంగడి ఊరికే తెరిచినట్టు. అది కూడా అద్దె, కరెంటు, కుప్పం నుంచి సరుకు తెచ్చే ఆటో కిరాయి లెక్కలోకి తీసుకోకముందే. ఈ లెక్క తెలిసినవాళ్లు అరువు ఇవ్వడం మానేయరు, మానేస్తే పల్లెలో అంగడి సాగదు కూడా. కానీ ఒక్కొక్క ఇంటికి ఇంతవరకే అని ముందే ఒక గీత గీసుకుంటారు. టమోటా ధర ఎక్కుతుందిలే, అప్పుడు ఇస్తారులే అని ఆ గీత దాటారంటే, అంగడివాళ్లు తెలియకుండానే టమోటా మీద పందెం కాసినట్టే. రైతుకైతే కనీసం అది తన పొలంలో తాను కాసిన పందెం. వ్యాపారి ఊళ్లో అందరి పొలాల్లోనూ కాస్తున్నాడు. గీత దాటిన మనిషికి లేదని చెప్పడం మొహమాటమే. పది ఇళ్ల ఊళ్లో రేపు మళ్లీ ముఖాలు చూసుకోవాలి. అందుకే ఆ గీత మనిషిని బట్టి కాకుండా అందరికీ ఒకటే ఉండాలి. ‘అన్నా, ఎవరికైనా ఇంతే’ అన్న మాటలో అవమానం ఉండదు.

రోజు వసూలు అప్పు ఇంకా లోతైనది. పది వేల అప్పని చెప్పి పదిహేను వందలు ముందే పట్టుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారనుకోండి. చూడటానికి నూటికి పదిహేనే. కానీ కంతు కట్టేకొద్దీ అసలు తగ్గిపోతుంటుంది కాబట్టి, ఆ వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది నాలుగు వేల పైచిలుకు. దాని మీద పదిహేను వందల వడ్డీ అంటే, ఏడాది లెక్కన నూటికి నూట ఇరవై దాటిపోతుంది. నూటికి పది మిగిలే వ్యాపారం దీన్ని ఎంతకాలం మోయగలదు? వడ్డీవ్యాపారి ఇంటి గడపకే వచ్చి, కాగితం అడక్కుండా ఇస్తాడు కాబట్టి అది సులువుగా కనిపిస్తుంది. 2015లో మొదలైన ముద్రా పథకంలో శిశు విభాగం కింద యాభై వేల దాకా తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు అడగవచ్చు. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరగాల్సి రావచ్చు. ఆ తిరగడానికే చొరవ కావాలి, అక్కడ ఆశను ఎంతైనా ఖర్చు పెట్టండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు అనే గొలుసు ఎక్కడికి తీసుకుపోతుందో మన రాష్ట్రం 2010లో చూసింది. ఒకే ఇంటికి మూడు నాలుగు సూక్ష్మ రుణ సంస్థలు అప్పులిచ్చి, వారం వారం వసూళ్ల ఒత్తిడి భరించలేని స్థితికి వచ్చాక, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ ఇళ్లలో చాలామంది తీసుకునేటప్పుడు ‘తీర్చేస్తాంలే’ అనే నమ్ముకున్నారు. ఆ నమ్మకంలో అబద్ధం ఏమీ లేదు. దాన్ని కాగితం మీద లెక్క వేసి చూడలేదు, అంతే.

దూరంగా ఉన్న కబుర్ల మీద పెట్టుకునే ఆశ కూడా ఈ కోవలోదే. 2019 ఆరంభంలో రామకుప్పం, శాంతిపురం మండలాల పరిధిలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పని ముందుకు కదల్లేదు. అలాంటి కబురు వచ్చినప్పుడు ఊరు సంతోషించడంలో తప్పు లేదు. అది వస్తుందని నమ్మి ఈరోజే అప్పు చేసి అంగడి మీద ఇంకో అంతస్తు వేయడం వేరు. వచ్చేది వచ్చాక కూడా అంతస్తు వేయవచ్చు.

ఇంతవరకు చెప్పినదానికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ధరలు మండీలో నిర్ణయమవుతాయి, వడ్డీ వడ్డీవ్యాపారి నిర్ణయిస్తాడు, వాన దేవుడి చేతిలో ఉంది. ఇలాంటప్పుడు వైఖరి గురించి మాట్లాడటం అంటే, నలిగిపోతున్న మనిషినే నీ ఆలోచన బాగాలేదని నిందించడం కాదా? ఈ ఆక్షేపణలో సగానికి పైగా నిజం ఉందని నేను ఒప్పుకుంటాను. దానికి శాస్త్రం మద్దతు కూడా ఉంది. మన సరిహద్దు దాటితే వచ్చే తమిళనాడులో, విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతులకు పంట దుడ్లు రాకముందు ఒకసారి, వచ్చిన తర్వాత ఒకసారి ఆలోచనాశక్తికి పరీక్షలు పెట్టారు. 2013లో వెలువడిన ఫలితం ఏమిటంటే, అదే మనిషి చేతిలో దుడ్లు లేని నెలలో గణనీయంగా తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. తెలివి తగ్గలేదు. కొరత గురించిన ఆలోచన బుర్రలో చోటు ఆక్రమించింది. చెన్నైలో రోజువారీ అప్పు తెచ్చి పండ్లు, కూరగాయలు అమ్మేవాళ్ల బాకీని పరిశోధకులు పూర్తిగా తీర్చేసి చూసిన ఇంకో ప్రయోగం ఉంది. వాళ్లలో చాలామంది కొంతకాలానికే మళ్లీ అదే అప్పులోకి జారిపోయారు. సోమరితనం దానికి కారణం కాదు. చేతిలో నిల్వ అంటూ లేని బతుకులో జ్వరమో, పెళ్లో, పిల్లల ఫీజో ఏది వచ్చినా మళ్లీ అదే దారి.

కాబట్టి కష్టంలో ఉన్నవాళ్లకు మంచిగా ఆలోచించమని చెప్పడం తప్పే. కానీ ఈ పరిశోధనల నుంచే ఇంకో మాట కూడా తేలుతోంది. చేతిలో దుడ్లు లేనప్పుడు మన ఆలోచన మీద మనం ఆధారపడలేమని తెలిశాక, పెద్ద నిర్ణయాల్ని ఆ రోజులకు వదలకూడదు. అరువు గీత, ఇంటి ఖర్చుకు తీసుకునే మొత్తం, ఏ వడ్డీకి మించి అప్పు తేకూడదు అన్న హద్దు, వీటన్నింటినీ చేయి ఆడుతున్న రోజుల్లోనే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకుని పద్దు పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. గడ్డురోజు వచ్చినప్పుడు అప్పటికప్పుడు ధైర్యం తెచ్చుకోనక్కర లేదు, రాసుకున్నదాన్ని పాటిస్తే చాలు. అన్నింటికంటే సులువైన పద్ధతి రెండు డబ్బాలు. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారుల్లో ఒక గుంపుకు పూర్తి ఖాతాల విద్య, ఇంకో గుంపుకు అంగడి దుడ్లూ ఇంటి దుడ్లూ వేరువేరు చోట పెట్టడం వంటి మోటు సూత్రాలు నేర్పితే, మోటు సూత్రాల గుంపే బాగుపడింది. ముఖ్యంగా అమ్మకాలు బాగాలేని వారాల్లో వాళ్లు తక్కువ దెబ్బతిన్నారు. గల్లాపెట్టెలోంచి కూరగాయలకు, బస్సు చార్జీకి చేయి పెట్టే అలవాటున్న ఇంట్లో, అంగడి లాభంలో ఉందో నష్టంలో ఉందో చెప్పగల మనిషే ఉండడు. తెలియనప్పుడు మనసు రోజుకొక రకంగా ఊగుతుంది. బోణీ బాగుంటే గెలిచేసినట్టు, మధ్యాహ్నం ఖాళీగా ఉంటే మునిగిపోయినట్టు అనిపిస్తుంది. ఆ ఊగిసలాట ఆగాలంటే ఉపదేశాలు పని చేయవు. నెలాఖరుకు అంగడి డబ్బాలో ఎంత మిగిలిందో తెలిస్తే అదే ఆగుతుంది.

లెక్క చూస్తే ఉన్న ధైర్యం కూడా పోతుంది, చూడకపోతేనే నయం అనేవాళ్లున్నారు. ఇది మనిషికి సహజం. షేర్ మార్కెట్ పడుతున్నప్పుడు మదుపుదారులు తమ ఖాతా తెరిచి చూసుకోవడమే తగ్గిస్తారని పరిశోధనలు చూపించాయి. కానీ చూడని బాకీ తగ్గదు. పద్దు పుస్తకంలో మొత్తం ఎంత ఉందో తెలియనివాళ్లు రాత్రి దాన్ని మనసులో కూడుకుంటూ ఉంటారు, ఆ కూడిక ఎప్పుడూ అసలు కంటే పెద్దగానే వస్తుంది. ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని కూడితే, ఎనభై వేలు అనుకున్నది యాభై రెండు వేలని తేలవచ్చు. అందులో ఇరవై వేలు వచ్చే పాలబిల్లుకు తప్పక వచ్చేవి, పన్నెండు వేలు టమోటా ధర మీద ఆధారపడినవి, మిగతావి ఇక రావనుకుని వదులుకోవాల్సినవి అని విడిపోవచ్చు. ఒకవేళ లక్ష అని తేలినా, లక్షకు ఒక దారి ఆలోచించవచ్చు. ఎంతో తెలియనిదానికి దారి ఉండదు.

హక్కుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అణకువే మంచితనం అనుకుని రావాల్సినది అడగని వ్యాపారులు మన దగ్గర ఎక్కువ. పిండిమిల్లు, వెల్డింగ్ షాపు, కుట్టుమిషన్ల యూనిట్ లాంటివి చిన్న సంస్థల నమోదు పోర్టల్ ఉద్యమ్‌లో నమోదై ఉంటే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం వాళ్లకు అండగా ఉంది. సరుకు లేదా పని అందుకున్నవాళ్లు ఒప్పందం ఉంటే ఆ గడువులోపు, ఒప్పందం ఏదైనా 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. జాప్యమైతే చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుల కోసం 2017లో సమాధాన్ పోర్టల్ తెచ్చారు. కొని అమ్మే చిల్లరంగడికి ఈ రక్షణ లేదు. 2021లో చిల్లర, టోకు వ్యాపారులకు నమోదు అవకాశం ఇచ్చింది ప్రాధాన్య రంగం కింద బ్యాంకు అప్పుల కోసమే. ఈ తేడా తెలిసి ఉండటం కూడా వైఖరిలో భాగమే. లేని రక్షణ ఉందనుకోవడం, ఉన్న రక్షణ తెలియకపోవడం రెండూ నష్టమే. నీళ్లు, శీతల గిడ్డంగి, మండీలో సక్రమమైన తూకం లాంటివి ఏ ఒక్క వ్యాపారి ఉత్సాహంతోనూ రావు. నలుగురు కలిసి అడిగితేనే వస్తాయి. అలా కలిసి అడగడాన్ని ‘నెగెటివ్ మాటలు’ అని కొట్టిపారేసే సానుకూలత మనకు వద్దు.

దెబ్బ తగిలిన రోజు మనసుతో ఏం మాట్లాడుకోవాలన్నది మిగిలింది. సెలిగ్‌మన్ పరిశోధనలో నాకు అన్నింటికంటే ఉపయోగంగా తోచింది ఇదే. నష్టం వచ్చినప్పుడు మనుషులు దానికి చెప్పుకునే కారణంలోనే నిలబడటం, కుంగిపోవడం ఉంటాయి. ‘నా తలరాతే ఇంత, నేను ఏది పట్టినా ఇంతే’ అనుకునేవారికి చేయడానికి ఏమీ మిగలదు. ‘ఈ నెల రెండు తోటలు పోయాయి, ఆ ఇళ్ల బాకీ ఆగింది, పండగ సరుకు నేను అవసరానికి మించి తెచ్చాను’ అనుకునేవారికి చేయాల్సిన పనులు మూడు కనిపిస్తున్నాయి. రెండో మాటలో తీపి ఏమీ లేదు, తప్పును కప్పిపుచ్చడం కూడా లేదు. ఏది వానది, ఏది మండీది, ఏది నాది అని వేరు చేయడం ఉంది. భార్యాభర్తలిద్దరూ కలిసి నడిపే అంగళ్లలో ఇది ఇంకా అవసరం. నష్టం వచ్చిన రాత్రి ‘నీవల్లే’ అన్న ఒక్క మాట వ్యాపారంలో పోయినదానికంటే ఎక్కువ పోగొడుతుంది. అయితే ఒక హద్దు ఉంది. నష్టం పూడినా పూడకపోయినా, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకడం దండగ అనిపించడం ఉంటే అది వైఖరి లోపం కాదు, వైద్యం అవసరమైన స్థితి. మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. అప్పుల ఒత్తిడిలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ నంబరు గోడ మీద రాసి ఉండాలని కోరుకుంటాను.

చివరిగా మంచి సీజను సంగతి. కష్టకాలం గురించి అందరూ హెచ్చరిస్తారు, ధర ఎక్కిన నెల గురించి ఎవరూ హెచ్చరించరు. 2023 జులై లాంటి నెల వచ్చినప్పుడు ఊరంతా కొంటుంది, రావనుకున్న బాకీలు వచ్చేస్తాయి, గల్లాపెట్టె మూత పడదు. ఆ నెలలో ప్రతి నిర్ణయం సులువుగా, ప్రతి అప్పు చిన్నదిగా కనిపిస్తుంది. తప్పితే ఎంత పోతుంది అన్న ప్రశ్న గుర్తుకు రాని రోజులు అవే. అందుకని అలాంటి నెల రాకముందే, ఆ దుడ్లు ఎటు పోవాలో రాసుకోండి. మొదట ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు తీర్చాలి. తర్వాత రెండు నెలల అద్దె, కరెంటు, ఇంటి ఖర్చుకు సరిపడా తీసి, అంగడిలో కాకుండా బ్యాంకు ఖాతాలో వేయాలి. అప్పటికీ మిగిలితే అందులో కొంత భాగంతో, పోయినా ఫర్వాలేదనుకునే ఒక కొత్త ప్రయత్నం మొదలుపెట్టాలి. సరుకు రెట్టింపు చేయడం, చీటీ పాడి బండి కొనడం, అరువు గీత పెంచడం లాంటివి ఏవైనా, తర్వాతి పంట కోతకొచ్చి మండీలో కొత్త ధర తెలిసేదాకా ఆపి ఉంచండి.